మాయడానికి కుట్టిన బొంత

కనకలక్ష్మికి కోపం ముక్కుమీదే ఉంటుంది. వన్ టౌన్ బొంతల సంఘంలో ఆ సంగతి తెలియనివాళ్లు లేరు. కుట్టు వంకరపోతే మొహమాటం లేకుండా విప్పించేస్తుంది. ఉతికి ఉతికి మెత్తబడిన నేత చీరలు పొరలుగా పేర్చి, ఓ బట్టల కొట్టు మేడమీద కూర్చుని, ఆడవాళ్లంతా అనాథ పిల్లలకి బొంతలు కుడతారు. కిందటేడు కనకలక్ష్మి, చనిపోయిన తన తల్లి ఆకుపచ్చ మంగళగిరి చీర తెచ్చి కుట్టింది. కుడుతూ ఏడ్చింది కూడా. పోన్లే, ఎవరో ఒక పిల్ల వెచ్చగా పడుకుంటుందిలే అనుకుంది.

ఈ డిసెంబరులో సంఘం ప్రెసిడెంటు ఛాయాదేవి దాతల్ని వెంటబెట్టుకుని మైలవరం దగ్గరున్న ఆ అనాథ పిల్లల ఆశ్రమానికి బయల్దేరింది. కనకలక్ష్మీ, బొంతలు కుట్టిన ఇంకొందరూ వెళ్లారు. హాల్లో మంచాలన్నిటిమీదా బొంతలు పరిచి ఉన్నాయి, మడత నలగకుండా. తల్లి చీర బొంత చూడగానే ఆమె ప్రాణం లేచొచ్చింది. ఆ మంచం పక్కన ఆరేళ్ల పిల్ల చేతులు కట్టుకుని వణుకుతూ నిలబడి ఉంది.

"నీ పేరేంటమ్మా?"

"వినీల."

"నిలబడ్డావేం? కూర్చో."

పిల్ల తల అడ్డంగా ఊపింది. "కూర్చోకూడదండీ, మాసిపోద్ది. మీరెళ్లాక బీరువాలో పెట్టేస్తారు."

"మరి రాత్రిళ్లు ఏం కప్పుకుంటావే?"

వినీల మంచం కింద చుట్టిపెట్టిన పల్చటి దుప్పటి చూపించింది. "నేను పక్క తడుపుతానుగా" అంది, ఎవరికీ వినపడకుండా.

కనకలక్ష్మికి అరికాలి మంట నెత్తికెక్కింది. వార్డెన్ హెలెన్ ఎక్కడుందో చూసి నేరుగా ఆమె మీదికే వెళ్లింది. "ఏమండీ, బీరువాకి చలేస్తుందనా మేం బొంతలు కుట్టింది?"

హెలెన్ మొహం ఎర్రబడింది. "నన్నంటారేంటండీ? వర్షాకాలంలో మీ ప్రెసిడెంటు గారొచ్చి ఆ ఆకుపచ్చ బొంతమీద మరక చూశారు. ఇంత కష్టపడి కుట్టిస్తే ఇలా తగలేస్తారా, ఇంక ఒక్కటీ ఇవ్వం అని అందరి ముందూ నన్ను కడిగేశారు. ఆ మరక వినీలదే. ఉతికించి, అన్ని బొంతలూ బీరువాలో పెట్టి తాళం వేసేశాను. ఇంకేం చెయ్యమంటారు?"

ఔరా! తాళం వేసింది ఒకరు, వేయించింది మనవాళ్లే. కనకలక్ష్మి గిరుక్కున తిరిగింది. ఛాయాదేవి దాతలకి టీలు అందిస్తోంది.

"తప్పేముంది పిన్నిగారూ? మాసిన బొంత చూస్తే రేపు దాతలెవరొస్తారు? కాస్త మెల్లగా మాట్లాడండి, మన పరువు..."

"పరువా! పైన పటారం, లోన లొటారం, అదీ నీ పరువు! పక్క తడిపే పిల్లకే కదే బొంత కావల్సింది? మా అమ్మ చీర మేం ఆరుగురం తడపని రోజు లేదు. ఏనాడూ మమ్మల్ని చూసి దాచుకోలేదావిడ!"

ట్రేలోంచి రెండు టీ కప్పులు తీసుకుని చరచరా వచ్చి, ఒకటి ఆకుపచ్చ బొంత మూలమీద గుమ్మరించేసింది.

"అయ్యయ్యో! మీకేమన్నా పిచ్చా?" ఛాయాదేవి కేకపెట్టింది.

"మాసింది. ఇంక నీ దాతలకి చూపించడానికి పనికిరాదు. ఇప్పుడు తాళం వేయించు, చూస్తాను!" అంటూ రెండో కప్పు పక్క మంచం వైపు ఎత్తింది.

పక్క మంచంమీది బొంత కుట్టిన సైదా ఆ కప్పు ఆమె చేతిలోంచి లాక్కుంది. "ఉండక్కా, నాది నేనే పాడుచేసుకుంటా."

వినీల ఆ మరకనీ, హెలెన్‌నీ మార్చి మార్చి చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మేడమ్, ఇది నేను చెయ్యలేదు" అంది.

అప్పటిదాకా అరిచిన కనకలక్ష్మి పిల్లని ఎత్తి బొంత మధ్యలో కూర్చోబెట్టింది.