కుడికాలి బెండుముక్క

ఆ ఫుట్‌బాల్ ఆటగాడు ఇంగ్లండు క్లబ్బుకు పోతూ బూట్ల మేస్త్రికి చెప్పి పోలేదు. అది తప్పు. ఇందులో అటూ ఇటూ మాట్లాడేందుకు ఏమీ లేదు. ఏడేళ్లు వాడి బూట్లు మేస్త్రి చేతిలోనే కుట్టుపడ్డాయి. కొట్టు స్టేడియం గేటుకు ఎదురుగానే ఉంది. రోడ్డు దాటితే చాలు. వాడు దాటలేదు. భార్య పోయిన మూడేళ్లలో మేస్త్రి ఎవరి దగ్గరా ఏమీ ఆశించలేదు. వాడి దగ్గర ఒక్క మాట ఆశించాడు. తెలివితక్కువతనం.

బజారంతా వాడి ధర గురించే. పొద్దు వాలితే పదిమంది పక్క కొట్లో, దర్జీ ఆవిడ దగ్గర చేరతారు. గుడ్డ కత్తిరించే బల్ల పైన గోడకు టీవీ ఉంది. క్లబ్బు జెండాలన్నీ ఆవిడ కుట్టినవే. అక్కడ అందరికంటే గట్టిగా అరిచేవాడు మేస్త్రి బావమరిది, బస్సు డ్రైవరు. ఏరు దాటి తెప్ప తగలేసే రకమని ఆటగాణ్ణి తిట్టాడు. ఆ డబ్బుతో మన క్లబ్బునీ, మైదానాన్నీ, అందులో మేసే మేకల్నీ కలిపి కొనొచ్చన్నాడు. రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన, ఇంకో క్లబ్బు ఎగరేసుకుపోతుందన్న భయానికే ఇంగ్లండువాళ్లు ఆ ధరలో సగం పెట్టారని తేల్చాడు. దర్జీ ఆవిడ మిషను ఆపకుండానే అంది:

"నిన్ను నీ బస్సుతో కలిపి అమ్మినా కొనేవాడు లేడు తమ్ముడూ. వాణ్ణి కొన్నారు. ఏడుపెందుకు?"

మేస్త్రి గోడకు ఆనుకుని కూర్చుని వినేవాడు.

వాణ్ణి అందరూ గాలిపటం అంటారు. పరుగెత్తేటప్పుడు కుడిపక్కకు కాస్త ఒరుగుతాడు. గాలిపటం కిందికి దూకే ముందు ఒరిగినట్టే ఉంటుంది. ఒరిగాడంటే గోల్ కీపరు దేవుణ్ణి తలుచుకోవాల్సిందే. అదేదో స్టైలనుకుని వీధిలో కుర్రాళ్లంతా ఒరిగి నడిచారు.

స్టైలూ కాదు, పాడూ కాదు. వాడి కుడికాలు ఎడమకాలి కంటే అర అంగుళం పొట్టి.

పంతొమ్మిదేళ్లప్పుడు వాడు నోరు తెరిచిన బూటు పట్టుకుని కొట్టుకొచ్చాడు. మేస్త్రి మనిషి ముఖం చూడడు, అరిగిన సోలు చూస్తాడు. ఎడమది మడమ దగ్గర అరిగింది. కుడిది వేళ్ల దగ్గర. నీ కుడికాలు పొట్టి, అన్నాడు. వాడు తలుపు దగ్గరగా వేసి వచ్చి కూర్చున్నాడు. ఎవరికీ చెప్పొద్దని చేతులు పట్టుకున్నాడు. ఎదుటి జట్టు డిఫెండర్లకు తెలిస్తే ప్రతిసారీ అటువైపే నెడతారట. అటు నెడితే వాడు నిలవలేడు. ఇక బతుకు అంతేనట. మేస్త్రి బెండు చెక్కి, పైన తోలు అతికించి, కుడి బూటులో మడమ కింద పెట్టాడు. ఆ కాస్త ఒరుగు మిగిలింది గానీ పడిపోవడం తగ్గింది. నెలకో కొత్త ముక్క. అతికే పని భార్యది. ఆవిడ ఆ సంగతిని తనతోనే తీసుకుపోయింది. స్టేడియం మొత్తం లేచి అరిచినప్పుడల్లా ఆ అరుపులో అర అంగుళం తనదని మేస్త్రికి తెలుసు. ఇంకెవరికీ తెలియదు.

ఇంగ్లండులో వాడి మొదటి ఆట శనివారం సాయంత్రం. దర్జీ ఆవిడ బల్ల మీది గుడ్డలన్నీ తీసేసి జనానికి చోటు చేసింది. వాడు కంపెనీవాళ్లిచ్చిన మెరుపు బూట్లతో దిగాడు. అందరూ బంతిని చూస్తుంటే మేస్త్రి వాడి మడమలు చూశాడు. పది నిమిషాల్లో తెలిసిపోయింది. లోపల బెండు లేదు. ఒరుగు రెండింతలైంది. ఎవడో భుజం ఆనించాడు, వాడు పడ్డాడు. మళ్లీ ఆనించాడు, మళ్లీ పడ్డాడు. గంట దాటకుండానే వాణ్ణి బయటికి పిలిచి ఇంకొకణ్ణి దింపారు.

గుర్రం ధర పెట్టి గాడిదను కొన్నారని డ్రైవరు తొడ చరిచాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు రేపు అక్కడి గడ్డి బాగాలేదంటాడు చూడమన్నాడు. అప్పుడు డ్రైవరు మేస్త్రి వైపు తిరిగాడు.

"నీ బూట్లు వేసుకున్నన్నాళ్లూ ఆడాడు కదా. ఏముంది బావా వాటిలో? చెప్పు, మన గ్రూపులో పెడతా. ఇరవై వేలమంది ఉన్నారు. నీ పేరు మోగిపోతుంది."

నలభై ఏళ్లు జనం కాళ్ల కింద బతికినవాడికి పేరు మోగడం చేదు కాదు. పైగా ఆ ఆటగాడు చెప్పకుండా పోయినవాడు. ఇవాళ వాణ్ణి గాడిద అంటున్నారు. ఒక్క మాటతో వాడి పరువూ నిలుస్తుంది, తన గొప్పా తెలుస్తుంది. మేస్త్రి నోరు తెరిచాడు.

"అంతా కాలి మీద ఉంటుంది," అన్నాడు.

"ఏ కాలి మీద?"

తోలు కుట్టే ఆరె వేలికి గుచ్చుకున్నట్టు మేస్త్రి ఆగిపోయాడు. బావమరిది నోట్లో నువ్వు గింజ నానదు. వాడికి చెబితే వారం తిరక్కుండా ఇంగ్లండులో ప్రతి డిఫెండరూ కుడిపక్కకు నెడతాడు. దాహమేస్తోందని చెప్పి లేచి వచ్చేశాడు.

ఆదివారమంతా కొట్లో కూర్చుని బెండు చెక్కాడు. చెప్పకుండా పోయినవాడికి చెప్పకుండానే పంపుదామనుకున్నాడు. జిగురు ఆరడానికి రాత్రి బల్ల మీద వదిలేశాడు. అదీ పొరపాటు. సోమవారం పొద్దున్నే డ్యూటీకి పోతూ డ్రైవరు తెగిన చెప్పొకటి పట్టుకుని దిగబడ్డాడు. వాడి చూపు చెప్పు మీద లేదు. బల్ల మీదున్న ముక్కను తీసి తిప్పి చూశాడు.

"ఒక్కటే ఉందేం బావా? జతేది?"

మేస్త్రి తెగిన చెప్పు కోసం చెయ్యి చాపాడు. డ్రైవరు ఇవ్వలేదు.

"ఇది కుడికాలిది. మొన్న నువ్వు కాలి మీద ఉంటుందన్నావ్." వాడు ఎదుటి గేటు వైపు చూశాడు. ఫోన్ తీశాడు.

మేస్త్రి ఆ ముక్కను లాక్కుని, తన కుడి బూటు విప్పి, లోపల పెట్టుకుని లేచి నిలబడ్డాడు.

"నాదే. నా కుడికాలు పొట్టి. నడుం లాగుతోంది. మీ అక్కకు తెలుసు."

"అక్క ఏనాడూ చెప్పలేదే?"

"నీకు చెప్పుంటే ఈపాటికి నీ బస్సు ఎక్కిన ప్రతివాడికీ తెలిసేది."

డ్రైవరు నవ్వాడు, ఫోన్ జేబులో పెట్టాడు. కానీ నమ్మలేదు. రోజుకు నాలుగుసార్లు వాడి బస్సు ఆ వీధిన పోతుంది. నాలుగుసార్లూ కొట్టు ముందు నెమ్మదై, కిటికీలోంచి వాడి తల బావ కాళ్ల కేసి వంగుతుంది. మేస్త్రికి ఆ ముక్క తీసే దారి లేకపోయింది.

సమానంగా ఉన్న కాళ్లలో ఒకదాన్ని అర అంగుళం లేపుకుని నడవడమంటే ఏమిటో మేస్త్రికి ఆ వారం తెలిసింది. ప్రతి అడుగుకీ నేల ఒకచోట ఉన్నట్టుండి లేకుండా పోతుంది. రెండోరోజుకు నడుం నిజంగానే పట్టేసింది. నాలుగోరోజుకు మెట్లెక్కడానికి గోడ పట్టుకున్నాడు. మనిషి ఎడమకు ఒరిగాడు. గాలిపటానికి అద్దంలో బొమ్మలా ఉన్నాడని బజారంతా నవ్వింది. నవ్వనిచ్చాడు. అర అంగుళం తేడాతో తను మందుల షాపు దాకా నడవలేకపోతున్నాడు. వాడు పుట్టింది మొదలు ఆ తేడాతో పరుగెత్తాడు. ఇప్పుడు కింద ఉన్న ఊతం కూడా తీసేసి పరుగెత్తుతున్నాడు. మేస్త్రి తన జన్మలో ఎవరినీ మెచ్చుకోలేదు. గోడ పట్టుకుని నిలబడి వాణ్ణి మెచ్చుకున్నాడు.

రెండో ఆట మళ్లీ శనివారం. ఈసారి జనం సగమే వచ్చారు. వాడు అలాగే దిగాడు, బెండు లేకుండానే. మొదటి సగం ఏమీ జరగలేదు. తర్వాత బంతి వాడి కాళ్లలోకి వచ్చింది. వాడు కుడికి ఒరిగాడు. అంత ఒరగడం మేస్త్రి ఏనాడూ చూడలేదు. డిఫెండరు వారమంతా ఇదే నేర్చుకుని వచ్చినట్టున్నాడు, కుడివైపుకు ఒళ్లంతా వేసి దూకాడు. వాడక్కడ లేడు. ఆ పొట్టికాలినే ఇరుసు చేసుకుని ఎడమకు తిరిగాడు. డిఫెండరు గడ్డి మీద పడ్డాడు. వాడు తాపీగా ఎడమకాలితో కొట్టాడు. కీపరు కదల్లేదు.

ఏడేళ్లు చీకట్లో దాచిన కాలిని వాడు పట్టపగలు అందరి ముందూ ఎరగా వేశాడు. ఆ సంగతి ఆ గదిలో ఒక్కడికే తెలిసింది. వాడు రోడ్డెందుకు దాటలేదో కూడా మేస్త్రికి అప్పుడు తెలిసింది. ఇక నీ ముక్క నాకొద్దని చెప్పడానికి వాడికి నోరు రాలేదు. తెలియడం వేరు, క్షమించడం వేరు. నోరు రాకపోతే వచ్చి నిలబడాల్సింది.

బావమరిది మాత్రం తను మొదట్నుంచీ ఇదే చెబుతున్నానని అందరికీ గుర్తు చేశాడు. మరీ చవగ్గా ఇచ్చేశామని క్లబ్బువాళ్లను తిట్టాడు. ఇరవై వేలమందికీ ఆ మాట పంపించే పనిలో పడి బావ కాళ్ల సంగతే మరిచిపోయాడు. మాస్టారు వాడి వెనకే వాదించుకుంటూ వెళ్లాడు.

కొట్టు ఖాళీ అయింది. మేస్త్రి నడుం పట్టుకుని లేచాడు. దర్జీ ఆవిడ గుడ్డలు మళ్లీ బల్ల మీద సర్దుతూ, అతని వైపు చూడకుండా అంది:

"అన్నయ్యా, ఇరవై ఏళ్లుగా నీ ప్యాంట్లు నేనే కుడుతున్నా. నీ రెండు కాళ్లకూ ఒకటే కొలత."

ఆ గొంతులో ఎగతాళి లేదు. పొట్టికాలు మాట అబద్ధమని సోమవారం నుంచీ ఆవిడకు తెలుసు. డ్రైవరు దగ్గర నోరు విప్పలేదు.

మేస్త్రి గుమ్మం దగ్గర ఆగాడు.

"అన్నావు, విన్నానమ్మా. ఇక దీని గురించి నేను ఎవరితోనూ మాట్లాడను. నీతోనూ మాట్లాడను," అన్నాడు.

మాట్లాడలేదు.