గోరి మంచం

అమీర్‌పేటలో హాస్టళ్లకు కొదవ లేదు. ప్రతి మెట్ల దగ్గరా ‘బెడ్లు ఖాళీ కలవు’ అని బోర్డు ఉంటుంది. తీరా పైకెక్కి అడిగితే, ఆ ఖాళీ బెడ్డు కిరాయి నా ట్రైనింగ్ జీతాన్ని మొత్తం మింగేసేలా ఉంటుంది. మధ్యాహ్నం నుంచి ఎక్కుతూ దిగుతూనే ఉన్నాను. మగవాళ్లను లోపలికి రానివ్వరు కాబట్టి మా నాన్న వెంకటరామారావు కింద నా బ్యాగు పట్టుకుని నిలబడ్డాడు. నేను దిగిన ప్రతిసారీ "తల్లాడ బస్సు టైమవుతుంది ఉదయా, జల్దీ తేల్చుకో" అంటున్నాడు. తెల్లారితే నేను ల్యాబ్‌లో ట్రైనీగా చేరాలి. ఉండడానికి చోటు దొరక్కపోతే ఆ బస్సులోనే ఇద్దరం వెనక్కి. ఇంటికి తీసుకుపోయాక మళ్లీ పంపడు. ఆయనకు లోపల కావలసింది అదేనని తెలిసి నాకు ఒళ్లు మండిపోతోంది.

ఆఖరి హాస్టల్ నడిపే హైమగారు మనిషి మంచిదే గానీ మాట ఖరాఖండి. "చవక బెడ్లు నిండిపోయాయమ్మాయ్. ఎక్కడ పడుకోబెట్టను, నా నెత్తిమీదా?"

నేను ఏడుపు దిగమింగుకుంటుంటే, తలుపు పక్క మంచం మీద కూర్చుని తల దువ్వుకుంటున్న ఒకామె మాట కలిపింది. మెడలో ఆసుపత్రి కార్డు వేలాడుతోంది. నర్సు.

"ఏ ఊరు చెల్లె మీది?"

"తల్లాడ అక్కా."

"మాది కారేపల్లి అవతల తండా. నా పేరు గోరి." ఆమె హైమగారి వైపు తిరిగింది. "ఆంటీ, నాకు నైట్ డ్యూటీ కద. రాత్రంతా ఈ మంచం ఖాళీనే. రాత్రి ఈమె పండుకుంటది, పగలు నేను పండుకుంట. కిరాయి చెరిసగం."

"ఇదేమన్నా ఆటోనా, షేరింగుకి?" అంది హైమగారు. "వచ్చే వారం నీకు పగలు డ్యూటీ పడుతుంది. అప్పుడేం చేస్తారు?"

గోరి దువ్వెన జుట్టులోనే ఉంచేసి ఆసుపత్రికి ఫోన్ చేసింది. "మేడం, పర్మనెంటు నైట్‌కి ఎవరన్న కావాలన్నరు కద. నా పేరు రాసుకోండ్రి... అవ్ మేడం, సోంచాయించే చెప్తున్న." ఫోన్ పక్కన పెట్టి మళ్లీ దువ్వుకోసాగింది. "అయిపాయె ఆంటీ. సెలవునాడు నేను చాప ఏసుకుంట."

మంచివాళ్లను చాలామందిని చూశాను. పాత బట్టలిస్తారు, అడ్రసు చెబుతారు, అయ్యో పాపం అంటారు. ముక్కూమొహం తెలియని పిల్ల కోసం తన రాత్రి నిద్ర వదులుకున్న మనిషిని చూడడం మాత్రం అదే మొదలు. చేతులెత్తి మొక్కాలనిపించింది. హైమగారు రిజిస్టరు తీసి నా పేరు రాసుకుంది. "దుప్పట్లు మాత్రం ఎవరివి వాళ్లకే" అంది.

గోరి డ్యూటీకి బయల్దేరింది. ఎందుకిలా చేశావక్కా అని మెట్లు దిగుతూ అడిగాను.

"నేను మొదటిపారి వచ్చినప్పుడు గిట్లనే రూము దొరకలే. మా బాపుతోటి వాపస్ పోయిన. మళ్ల రానీకె మూడేండ్లు కొట్లాడిన. నువ్వు పోకు చెల్లె."

కింద నాన్నను చూడగానే నాకు గుబులు మొదలైంది. మా చేలో మిరపకాయలు ఏరేది తండా ఆడవాళ్లే. మధ్యాహ్నం మా వాకిట్లో అన్నం తినడానికి వస్తే నేలమీద కూర్చుంటారు. పక్కనే నవారు మంచం ఖాళీగా ఉన్నా నాన్న కూర్చోమనడు, వాళ్లూ కూర్చోరు. అలాంటి మనిషికి, నేను తండా పిల్ల మంచం మీద పడుకుంటానని ఎలా చెప్పను? అయినా చెప్పేశాను, ఆమె పేరుతో సహా, ఫోన్ సంగతితో సహా.

నాన్న అంతా విన్నాడు. "మీ అమ్మానాన్న ఏం చేస్తరు బిడ్డా?" అని గోరిని అడిగాడు.

"బాపు లేడు బాబాయ్. అమ్మ మీ దిక్కే వస్తది, మిరపకాయలు ఏరనీకె."

నాన్న ఆమె మొహంలోకి చూడలేక రోడ్డు మీది ఆటోల వైపు చూశాడు. బ్యాగు నా చేతికిచ్చాడు.

"ఈసారి వచ్చినప్పుడు మీ అమ్మను మా ఇంటికి రమ్మను బిడ్డా. వచ్చి మంచం మీద కూసోమను. నేను అన్ననని చెప్పు."

తర్వాత ఒక్కడే బస్సు కోసం నడిచాడు.