నాలుగు వేళ్ల చౌడుకట్ట

ఆ ఏడు వేసవి పోయినా సిద్దమ్మ ఒంట్లో సెగ పోలేదంటే దానికి ఎండలు కారణం కాదు. ఎండల్నయితే నాలుగు తిట్టి ఊరుకోవచ్చు. మిద్దె మీద తన చేత్తో తాను చేసిన పనికి ఎవరిని తిట్టుకుంటుంది?

ఓర్వకల్లు పక్కన గుట్టల నడుమ ఉండే ఆ పల్లెలో అన్నీ మట్టిమిద్దెలే. దూలాల మీద దంతెలనే అడ్డకర్రలు, దంతెల మీద కంప, దాని మీద జానెడు మన్ను, అన్నిటికీ పైన చౌడు. చౌడంటే పంటకు పనికిరాని ఉప్పునేల మన్ను. చేలో కనపడితే శాపనార్థాలు పెట్టే రైతులే, మిద్దె దగ్గరికొచ్చేసరికి దాన్ని బండ్లకెత్తి తోలుకుంటారు. తడిస్తే జిగటగా బిగుసుకుని నీటిని కిందికి దిగనివ్వదు. ఏటా ముంగారు తొలకరి వానలకు ముందు కొత్త చౌడు పరచాల్సిందే. లేకుంటే కారే చోట్ల పెట్టడానికి ఇంట్లో గిన్నెలు చాలవు.

సిద్దమ్మ మిద్దె, పక్కింటి ఈరక్క మిద్దె ఒకే నడిమిగోడ మీద ఆనుకున్నాయి. మామల కాలం నుంచీ ఈరక్క మిద్దె నీళ్లు వాలుగా సిద్దమ్మ మిద్దె మీదికి వచ్చి, సిద్దమ్మ ముంగిట ఉన్న రాతిదోనె గుండా కింద పడేవి. రెండిళ్లకూ అదొక్కటే దోనె. వానొస్తే నానేది మాత్రం సిద్దమ్మ గోడ.

"అక్కా, మీ పక్క ఇంగో దోనె పెట్టుకోండి, మా గోడ అడుగంతా నీళ్లు తినేస్తాండాయి" అని సిద్దమ్మ మూడేండ్లు చెప్పింది.

"వచ్చే ఏడు సూద్దాంలే సిద్దమ్మా" అని ఈరక్క మూడేండ్లూ నవ్వింది. చెడ్డమనిషి కాదు, పనులు వాయిదా వేసే మనిషి. ఆ నవ్వు చూస్తే సిద్దమ్మకు ఒళ్లు మండేది.

ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయిన మరుసటి వేసవి అది. పని తెలిసినవాళ్లంతా సర్కారు కట్టడాలకని అక్కడికి పోయారు. చుట్టుపక్కల పది పల్లెలకు మిద్దెలు వేసేవాడు అయ్యన్న ఒక్కడే మిగిలాడు. చౌడు చిటికెడు నాలుక మీద వేసుకుని మంచిదో కాదో చెప్పే మనిషి. రెండు మిద్దెలకూ ఒకేరోజు చౌడు పరిచి, నీళ్లు జారే వాటం చూసుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం సిద్దమ్మ మిద్దె ఎక్కింది. రెండు గంపల చౌడు మిగిలి ఉంది. దాన్ని నడిమిగోడ మీద ఈ చివరి నుంచి ఆ చివరి దాకా, నాలుగు వేళ్ల ఎత్తున కట్ట వేసి, నీళ్లు చల్లి, అరచేత్తో నున్నగా మెత్తింది. ఇక వాళ్ల నీళ్లు వాళ్లే చూసుకుంటారు అనుకుంది. ఆనాడు చేతులు కడుక్కుంటుంటే ఎంత హాయిగా ఉండిందో! ఆ హాయిని తలుచుకుంటేనే ఇప్పుడు ఆమెకు సిగ్గు.

మొదటి వానకు సిద్దమ్మ గోడ పొడిగా నిలిచింది. మూడో వానకు ఈరక్క ఇల్లు కారడం మొదలైంది. ఈరక్క మొగుడు బేతంచెర్ల నుంచి బండలు తోలుతూ ఎప్పుడూ బండి మీదే ఉంటాడు. ఈరక్కకు మోకాళ్ల నొప్పులు. మిద్దె ఎక్కి చూసే దిక్కు లేదు.

"అయ్యన్న చౌడు ఈ ఏడు మంచిది గాదేమో సిద్దమ్మా" అంది ఈరక్క బావి దగ్గర.

"అట్లనే ఉండాదక్కా. ఉత్త మన్ను కలిపినాడేమో" అంది సిద్దమ్మ.

నోరు జారి వచ్చిన మాట కాదది. కట్ట సంగతి బయటపడకుండా ఏదో ఒకటి అడ్డం పెట్టాలి గదా, చేతికందిన మనిషిని అడ్డం పెట్టింది. బావి దగ్గర పుట్టిన మాట ఆ వారం సంతకు పోయింది. సంత నుంచి పది ఊళ్లకు పోయింది.

పుబ్బ కార్తెలో మూడు దినాలు వాన విడవకుండా కొట్టింది. మూడోనాటి మధ్యాహ్నం ఈరక్క నడిమింటి మూల దబ్బున కూలింది. జొన్నల కుండను పక్కకు లాగుతున్న ఈరక్క కుడిచేతి మీద దంతె పడింది. ఆమె అరుపు సిద్దమ్మకు వినిపించింది. వినిపించినా సిద్దమ్మ అటు పరిగెత్తలేదు. ముందు తన నిచ్చెన ఎక్కింది. కట్టను కాలితో తన్నింది. నిలిచిన నీళ్లన్నీ బుడబుడమని దోనె దిక్కు పోయినాక, అప్పుడు దిగి ఈరక్క దగ్గరికి పోయింది.

సాయంత్రానికి వాన తెరిపిచ్చింది. మర్నాడు అయ్యన్న వచ్చి మిద్దె ఎక్కి, నడిమిగోడ దగ్గర శానాసేపు నిలబడ్డాడు. దిగి వచ్చి, "వాటం తప్పింది. తప్పు నాదేనమ్మా. కూలి వద్దు, మల్లీ ఏసిస్తా" అన్నాడు. పక్కనే ఉన్న సిద్దమ్మ వంగి, విరిగిన దంతె ముక్కలు ఏరి పక్కన పేర్చింది.

ఆ తర్వాత పదిహేను దినాలు ఆమె ఈరక్కకు సంగటి ముద్దలు కలిపి తినిపించింది, తల దువ్వింది, రెండిళ్ల వాకిళ్లూ ఊడ్చింది. "తోడబుట్టిందయినా ఇట్ల సేయదు" అని ఊరంతా మెచ్చుకుంది. ఆ మెప్పు వినపడితే సిద్దమ్మ చీపురు తీసుకుని ఇంకో వాకిలికి పోయేది.

భాద్రపదం ఎండ మాడు పగలగొడుతుండగా అయ్యన్న కొత్త దంతెలు వేశాడు, కంప పరిచాడు, మన్ను తొక్కాడు. చౌడు పరిచే రోజు వచ్చింది. కొత్త మిద్దె మీద మొదటి గంప మంచి చేతితో పడాలని ఆ ఊరి నమ్మకం. నిచ్చెన దగ్గర, వెదురుదబ్బలు కట్టిన చేతితో ఈరక్క నిలబడింది.

"అయ్యన్నా, సౌడు మాత్రం నీ చేత్తో వద్దప్పా. ఊరంతా వద్దంటాండారు. మొదటి గంప సిద్దమ్మ ఏస్తాది. దాని చెయ్యి మంచిది."

అయ్యన్న పారకంటిన మన్ను పంచె చెంగుతో తుడిచి, పార భుజాన వేసుకుని ఓర్వకల్లు బాట పట్టాడు.

సిద్దమ్మ గంప నెత్తిన పెట్టుకుని మూడు మెట్లెక్కి ఆగింది. దిగింది. గంప కింద పెట్టింది.

"అక్కా, నడిమిగోడ మింద కట్ట ఏసింది నేను. నీ మిద్దె మింద నీళ్లు నిలబెట్టింది నేను. అయ్యన్న సౌడులో ఏమీ కలపలే. ఆ మాట పుట్టించింది గూడా నేనే."

ఈరక్క విరిగిన చేతిని చూసుకుంది. ఈసారి నవ్వలేదు. "మూడేండ్లు నువ్వు చెప్తే నేను ఇనకపోతిని. మన సంగతి మనం తర్వాత తేల్చుకుందాం. నాతో ఏం చెప్తావు? ఆ పోతాండేటోనితో చెప్పుపో."

సిద్దమ్మ చెప్పుల్లేని కాళ్లతో పరిగెత్తింది. బాట పెనంలా కాలుతోంది. గుట్ట మలుపులో అయ్యన్నను అందుకుని, రొప్పుతూనే అంతా చెప్పింది.

"నాకు తెలుసమ్మా" అన్నాడు అయ్యన్న. "కట్ట తన్నిన సోట సౌడు పచ్చిగా ఉండె. మీ మిద్దె పక్క నుంచి నీ కాలిగుర్తు గూడా ఉండె."

"మరి తప్పు నీదని ఎందుకంటివప్పా?"

"నిజం నేను చెప్తే ఎవరు నమ్ముతారు? తన తప్పు ఆడదాని మీదికి తోస్తాండాడంటారు. ఆయమ్మ ఆకాశం కింద పండుకోకూడదని మిద్దె ఏసినా. నువ్వే చెప్తావని పదైదు దినాలు సూసినా."

సిద్దమ్మ వెనక్కి, ఊరి దిక్కు చెయ్యి చూపింది. "ఇప్పుడు రా అప్పా. సౌడు నువ్వే ఏద్దువు."

"ఈ ఊర్లో ఏస్తా. మిగిలిన తొమ్మిది ఊర్లల్లో నన్ను మిద్దె ముట్టనియ్యడం లేదు. ఆడికి ఎవరు వచ్చి చెప్తారమ్మా?"

సిద్దమ్మ కొంగు నెత్తి మీదికి లాక్కుని, అతని భుజం మీది పార అందుకుంది.

"ముందు ఏ ఊరికి పోదామప్పా?"