మొహం మీద ఉమ్మాలి

నాలుగోసారి ఉమ్మమన్నారు.

పొద్దుటినుంచీ ఎండలో నిలబడి మిల్లువాళ్ళందరి నోళ్ళూ పిడచకట్టుకుపోయాయి. ప్రభుత్వం వారు తీస్తున్న సినిమా అది. అందులో మొగుణ్ణి వదిలేసిన ఆడదాన్ని వీధి వీధంతా ఏకమై ఉమ్మి తరిమేస్తుంది. అప్పుడా వీధికి నీతిగల వీధి అని పతకం ఇస్తారు. నటులైతే నటించినట్టుంటుందని మిల్లునుంచి ముప్పైమందిని రప్పించారు. వచ్చినవాళ్ళకి రెండురోజుల కూలి, రానివాళ్ళకి పనిలోంచి ఉద్వాసన. పైగా, ఇష్టమైతేనే రండి అన్నారు!

ఉమ్మించుకునే మనిషిని కూడా మిల్లులోనే వెతికి పట్టుకున్నారు. నూలు చుట్టే పెద్దామెకు ఆమె చిన్న తోడికోడలు. రెండేళ్ళ కిందట మరిది కొట్టి చెయ్యి విరగ్గొడితే, పెరటి తలుపు గడియ తీసి "పోవే తల్లీ, ఎక్కడన్నా బతుకు" అన్నది ఈ పెద్దామే. ఆ సంగతి ఇంట్లో ఈనాటికీ ఎవరికీ తెలియదు.

మొదటిసారి ఎవరికీ ఉమ్మి రాలేదు. సిగ్గుతో చచ్చిపోయారు. పాపం, చిన్నదే నవ్వి ధైర్యం చెప్పింది.

"ఉమ్మండమ్మా, నాకేం కాదు. ఇంటికెళ్ళి సబ్బుతో కడుక్కుంటా. కూలి ఊరికే ఇస్తారా ఏంటి?"

అందరూ నవ్వి, "ఏమనుకోకే" అంటూ కాళ్ళ దగ్గర ఉమ్మారు. రెండోసారి బట్టల మీద. మూడోసారి మొహం మీదే పడింది, ఏమనుకోకే అన్నవాళ్ళు లేరు. నిన్నటిదాకా ఆమె క్యారేజీలో చెయ్యిపెట్టి తిన్న పక్క మిషనావిడ, "ఎంతైనా తప్పు తప్పేగా" అంది. ఆ మాట ఎవరూ చెప్పమన్నది కాదు. చిన్నది మళ్ళీ నవ్వలేదు.

మూడుసార్లూ పెద్దామె కూడా ఉమ్మింది. పక్కకే ఉమ్మానులే అని సర్దిచెప్పుకోబోయింది గానీ మనసు ఒప్పుకోలేదు.

"పెద్దమ్మా, ఈసారి నువ్వొక్కదానివే," అన్నాడు దర్శకుడు. "దగ్గరికెళ్ళి మొహమ్మీద ఉమ్ము. సొంత తోడికోడలివట కదా, సీను బాగా పండుతుంది."

మిల్లు సూపర్‌వైజరు పేర్ల కాగితం పట్టుకుని చూస్తున్నాడు. పెద్దామె వెళ్ళి నిలబడింది. చిన్నది కళ్ళు మూసుకుని మెల్లగా అంది.

"కానియ్యక్కా. నీ పని పోతుంది."

పెద్దామె కదల్లేదు.

"ఏమైంది?" దర్శకుడు అరిచాడు.

"నోరెండిపోయిందయ్యా."

"ఆవిడకి నీళ్ళివ్వండ్రా!"

గ్లాసు తెచ్చిచ్చారు. పెద్దామె నోటినిండా పోసుకుంది. కెమెరా తిరుగుతోంది. సూపర్‌వైజరు కలం మూత తీశాడు.

ఆమె గుటక వేసింది. మిగిలిన నీళ్ళు చిన్నదాని చేతికిచ్చింది.

"తాగవే. పొద్దుటినుంచీ నీకెవరూ ఇవ్వలేదు."