దిగే చోట అన్నయ్య

చేతి తొడుగు బొటనవేలి దగ్గర కుట్టు ఊడుతోందని పొద్దున్నే చూసుకోవాల్సింది, ఇప్పుడు ర్యాంపు నెత్తిన నిలబడి దారప్పోగు పీక్కుంటుంటే కింద జనానికి భయపడుతున్నట్టే ఉంటుంది, భయమేం లేదు, సైకిలు ముందు చక్రం అంచు దాటి గాల్లో ఉంది, కాస్త ముందుకు ఒరిగితే చాలు, జారడం, ఎగరడం, గాల్లో ఒక్క పల్టీ, అవతలి మట్టిదిబ్బ మీద దిగడం, అంతే, మైకులో సీనియర్ గొంతు చించుకుంటున్నాడు, కాలేజీ పోటీల్లో ఈ పల్టీ కొడుతున్న మొదటి అమ్మాయి, మన పిచ్చుక, అన్న కోసం కొడుతోంది, చప్పట్లేవీ, అన్న కోసమని వీడికెవరు చెప్పారు, నిరుడు ఇదే పల్టీలో అన్నయ్యకు దిబ్బ అందలేదు, వెల్లకిలా పడ్డాడు, పడి నవ్వాడు కూడా, ఏం కాలేదురా, కాళ్ళు కొంచెం తిమ్మిరెక్కాయి అన్నాడు, ప్రాణం పెట్టే స్నేహితులు, పరుగెత్తుకొచ్చి ఒకడు చంకల కింద, ఇద్దరు కాళ్ళ దగ్గర, బస్తాను ఎత్తినట్టు ఎత్తి కారులో మడిచి కూర్చోబెట్టారు, పడ్డప్పుడు విరిగింది ఎముకే, ఎత్తినప్పుడు నలిగింది వెన్నుపాము అన్నాడు డాక్టరు, నాన్నకే వినబడేట్టు, కానీ పక్కగదిలో అన్నయ్యా విన్నాడు, ఆ తర్వాత ఏనాడూ ఆ మాట ఎత్తలేదు, మైదానం వైపు ముఖం తిప్పలేదు.

ఇవాళ మాత్రం పొద్దున్నే చొక్కా వేసుకుని చక్రాల కుర్చీలో సిద్ధంగా కూర్చున్నాడు, నేనూ వస్తానే అన్నాడు, చెల్లెలు గెలవడం చూడాలనుకున్నాడని తను ఎంత మురిసిపోయింది, నాన్న నీడలో కూర్చోబెడితే కాదని దిబ్బ వెనక్కి తొయ్యమన్నాడు, అక్కణ్ణుంచి ఏం కనిపిస్తుందన్నయ్యా, నేను ఎగరడమే కనిపించదు అంటే, పర్లేదులే, నాకక్కడే బాగుంటుంది అన్నాడు, ఇప్పుడు ఇంత ఎత్తునుంచి ఆ చోటంతా కనిపిస్తోంది, అన్నయ్య ఒళ్ళో అడ్డంగా మనిషిని పడుకోబెట్టేంత పొడుగాటి చెక్క ఉంది, ఎదురుగా అతని ఆ ముగ్గురు స్నేహితులే, తలలు వంచుకుని నిలబడ్డారు, అన్నయ్య రెండు అరచేతుల మధ్య ఒకడి తల పట్టుకుని, మెడ కదలకుండా ఎలా పట్టుకోవాలో చూపిస్తున్నాడు, వేలు ఆడించి బెదిరిస్తున్నాడు, ఎత్తొద్దు, ఎవరూ ఎత్తొద్దు.

ఒక్కసారి కూడా పైకి చూడడం లేదు.

పిచ్చుకా, జెండా ఊపారు, వెళ్ళు అంటున్నాడు కోచ్ వెనకనుంచి, తను చక్రాన్ని వెనక్కి లాగింది, నేను దిగిపోతాను సార్, ఒంట్లో బాలేదా, బానే ఉంది సార్, మరేమైందే, మైకు ఆగిపోయింది, జనంలోంచి ఎవరో ఈల వేశారు, ఎవరో నవ్వారు, సైకిలు భుజానికెత్తుకుని ఇనుప మెట్లు దిగుతోంది, ఇంట్లో అందరూ తను గెలవడాన్ని ఊహించుకున్నారు, అన్నయ్య ఒక్కడే ఏడాదిగా చెల్లెలు పడడాన్ని మనసులో చూస్తూ బతికాడు, పడొద్దని ఒక్కమాట అనలేక, పడ్డాక ఎవరూ ఎత్తకుండా కాపలా కాయడానికి వచ్చాడు.