బ్రేకు మీద ఆమె కాలు

“ఈ బండి నిలబడదయ్యా. మిట్ట ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు సూడు, నిలబడదు.”

బండి ఇంకా షెడ్డు గడప దాటనే లేదు. మునిరత్నమ్మ డ్రైవరు సీటు అంచున కూర్చుని, స్టీరింగును రెండు చేతులా పట్టుకుని, ఒళ్లంతా కుడికాలి మీద మోపి బ్రేకు తొక్కుతూ ఆ మాట అంది. బయలుదేరే ముందు మరోసారి బ్రేకు ఆయిలు గొట్టాల్లో చేరిన గాలి తీద్దామని బండి కింద దూరిన మొగుడు సుబ్రమణ్యం, “నోటితో పనేముండాది నీకు? కాల్తో తొక్కు. తొక్కి పట్టుకో,” అన్నాడు.

చిత్తూరులో ఈ మెకానిక్కు షెడ్డు పెట్టినప్పటి నుంచీ గాలి తీసే ప్రతిసారీ పైన కూర్చుని తొక్కేది ఆమే. ఎసరు పెట్టి వచ్చి, అది పొంగిపోతుందేమోనని దిగులుపడుతూ తొక్కేది. కడుపుతో ఉన్నప్పుడూ తొక్కింది. మనిషిని పెట్టుకోమంటే, “కూసునే పనికి కూలేంది మే?” అనేవాడు. ఆమె తొక్కిన బండ్లలో ఒక్కటీ ఆమెను ఎక్కించుకుని బజారు దాకా పోలేదు.

ఈ కారు వేరు. పాత జీపు చట్రం మీద వేరే ఇంజను బిగించి, రేకులు కొట్టి, ఒక లాడ్జీ ఓనరు కోసం సుబ్రమణ్యం సొంతంగా కట్టింది. సీటు ముందుకు జరిపితే నడిపేవాడి మోకాలు స్టీరింగుకు తగులుతోందని బ్రేకు పెడలును నాలుగు వేళ్ల మేర కోసి పొట్టి చేశాడు. గడ్డపార పొట్టిదైతే రాయి లేవదు. అప్పటి నుంచీ అది ఆమె కాలికింద బండరాయి. చెబితే, “నీ మోకాట్లో సత్తువ లేదు. మొగోడు తొక్కితే దిగతాది,” అన్నాడు. “ముగ్గుర్ని కన్నాక యాడుంటాది సత్తువ,” అని అత్త వాకిట్లోంచి నవ్వింది. మునిరత్నమ్మ నమ్మింది. ఆముదం కాచి మోకాలికి రాసుకుంటూ, ఏ రోగం మొదలైందో, తను మంచాన పడితే పిల్లలకు అన్నం పెట్టేదెవరో అని లోలోపల కుమిలిపోయింది.

నిన్న ఓనరు వచ్చి తొక్కి చూసి, బ్రేకు ఇంత గట్టిగా ఉందేమని అడిగాడు. సుబ్రమణ్యం నవ్వేశాడు. “రేపు నా బిడ్డను ముందు సీట్లో కూసోబెట్టుకొని మిట్టలన్నీ ఎక్కి దిగి కార్వేటినగరం పోయొస్తా సార్. అంతకన్నా గ్యారంటీ ఏం గావల్ల?” తలుపు చాటున వింటున్న మునిరత్నమ్మ తన మోకాలి వైపు చూసుకుంది. ఓనరు మగవాడే కదా, ఆయన మోకాలికేమైంది?

పదేళ్ల కూతురు అలివేలు కొత్త రిబ్బను కట్టుకుని కారు చుట్టూ తిరుగుతోంది. మిట్ట మీది నుంచి జారే బండి, మలుపులో లారీ, రోడ్డు పక్కన రిబ్బను. రాత్రి నుంచీ కళ్లు మూసినా తెరిచినా అవే. మునిరత్నమ్మ పెడలు మీది కాలు తీసేసి సీటు దిగింది. కూతురి చెయ్యి పట్టుకుంది.

“తొక్కు మే,” అన్నాడు కిందనుంచి.

“తొక్కను. పెడలు మళ్లా పొడుగు చేసిందాకా బిడ్డ ఎక్కదు.” పిల్లను దగ్గరికి లాక్కుంది. “ఒక్కటి సెప్పయ్యా. గట్టిగా ఉండాదని నీ కాలికి తెలీలేదా?”

స్పానరు చప్పుడు ఆగిపోయింది. బ్రేకు ఆయిలు డబ్బాలో చుక్కచుక్కగా పడుతోంది. ఇంట్లోంచి అన్నం మాడిన వాసన వస్తున్నా ఆమె కదల్లేదు. సుబ్రమణ్యం మెల్లగా బయటికి పాకి, లేచి కూర్చున్నాడు. ఆమె వైపు గానీ పిల్ల వైపు గానీ చూడకుండా, పాతగుడ్డతో వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు.

“తెలుసు,” అన్నాడు. “కోసిన పొద్దే తెలుసు.”