చివరి పది పేజీలు

భీషణ్ నవల అంటే తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో అద్దె పుస్తకాల షాపుల వాళ్లకు ఒకప్పుడు ఊపిరి సలిపేది కాదు. ఆ భీషణ్ అసలు పేరు ముత్యాలరావు అనీ, బాపట్ల సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో గుమాస్తాగిరీ చేసి మానేశాడనీ, ఒంటి మీద బల్లి పడితే తలస్నానం చేసి కూడా రెండు రోజులు దిగులుగా తిరుగుతాడనీ పాఠకులకు తెలియదు. తెలియకపోవడమే మంచిదయింది.

ఆయన మొదటి నవల 1963లో వచ్చింది. 66 వచ్చేసరికి ఆరు నవలలయ్యాయి. ఆ ఆరింటితోనే పేరు మోగిపోయింది. ఆ మోత విని ముత్యాలరావు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేసి, నెలకొకటి, రెండు నెలలకొకటి చొప్పున రాసుకుంటూ పోయాడు. 74 నాటికి నలభై తొమ్మిది పూర్తయ్యాయి. అప్పుడు తెనాలి నుంచి ప్రచురణకర్త సింగయ్య ఉత్తరం వచ్చింది.

"షాపుల వాళ్లు కొత్తవి తిప్పి పంపుతున్నారు. ఇప్పటికీ నీ మొదటి ఆరు పుస్తకాలే అడుగుతున్నారు. యాభయ్యోది వాటిలాగా భయపెడితే సరి. లేదా నీకూ నాకూ ఇంతటితో చెల్లు," అని రాశాడు సింగయ్య. క్షేమసమాచారాలు కూడా అడగలేదు.

ముత్యాలరావు ఆ ఉత్తరం మూడుసార్లు చదివాడు. వదిలేసిన ఉద్యోగం తిరిగి రాదు. ఇంకో విద్య చేతిలో లేదు. పోనీ మొదటి ఆరింటిలో అంత భయంకరంగా ఏం రాశాడో గుర్తు తెచ్చుకుందామంటే అదీ గుర్తుకు రాదు. అచ్చయ్యాక తన పుస్తకాన్ని తాను ఏనాడూ చదివినవాడు కాదు మరి. దయ్యాల కథ రాస్తే ఆయనకేమీ కాదు, చదివితే మాత్రం నిద్ర పట్టదు. ప్రూఫులు కూడా ప్రెస్సులోనే చూసుకోమనేవాడు.

సరిగ్గా ఆ వారంలోనే బాపట్ల సాహితీ సంఘం వాళ్లు ఆయనకు సన్మానం తలపెట్టారు. తెలుగు లెక్చరర్ బ్రహ్మానందం గారు "భీషణ్ నవలలు: తొలి దశ, మలి దశ" అనే విషయం మీద మాట్లాడతారని కరపత్రం వేశారు. మిగతా రచయితలైతే శాలువా కోసం వెళ్తారు. ముత్యాలరావు నోటుబుక్కూ పెన్సిలూ పట్టుకుని వెళ్లాడు. తన తొలి దశ రహస్యమేమిటో పరాయివాడి నోట విని రాసుకోవలసిన అవస్థ ఏ రచయితకూ రాకూడదు.

బ్రహ్మానందం గారు దేన్నయినా దశలుగా విడగొడితే గాని అన్నం సహించని మనిషి. కళ్లజోడు సర్దుకుని మొదలుపెట్టారు.

"మలి దశలో పుర్రెలు పెరిగాయి. మొదటి నవలలో మూడంటే మూడు. నలభయ్యో నవలలో నూట పన్నెండు. నేను లెక్కపెట్టాను. పుర్రెలు పెరిగినకొద్దీ భయం తగ్గింది. అయితే, తొలి దశలో మాత్రం ఏముంది? మొదటి నూట యాభై పేజీల్లో ఏమీ లేదండీ! అదే మాంత్రికుడు, అవే నిమ్మకాయలు, కెవ్వుమనడం తప్ప వేరే పని లేని అదే అమ్మాయి. అసలు భీషణ్ ఎక్కడున్నాడో తెలుసా? చివరి పది పేజీల్లో ఉన్నాడు!"

ముత్యాలరావు పెన్సిలు చెక్కుకుని సిద్ధమయ్యాడు. బ్రహ్మానందం గారు మొదటి నవల తీసి చివరి పేజీలు చదివారు.

"మాంత్రికుడు చచ్చాడు. ఊరు ఊపిరి పీల్చుకుంది. సూరీడమ్మ మాత్రం రోజూ రెండు కంచాలు పెట్టేది. పడవ మునిగి నెల దాటింది. ఆ పొద్దున ఇసకలో తడి అడుగులు కనిపించాయి. సముద్రం వైపు నుంచి గుమ్మం దాకా వచ్చాయి. తిరిగి వెళ్లిన అడుగులు లేవు. సూరీడమ్మ లోపలికి వెళ్లి తలుపు మూసింది. గడియ పెట్టుకుంది."

పట్టపగలు పదకొండు గంటలకు, అంత ఎండలో, హాల్లో ఎవరూ కదల్లేదు. ముత్యాలరావుకు ఒళ్లంతా గగుర్పొడిచింది. ఆ భయం కాస్త సర్దుకున్నాక ఇంకో భయం పట్టుకుంది. ఇది తాను రాయలేదు. ఆయన రాసిన నవల మాంత్రికుడి చావుతో ముగిసింది. సూరీడమ్మ అనే మనిషి మధ్యలో ఎక్కడో నాలుగు వాక్యాల్లో వచ్చి పోయింది.

"ఆ చిన్న చిన్న వాక్యాలు చూడండి! జీవితంలోని తెగిపోయినతనానికి అవి ప్రతీకలు," అన్నారు బ్రహ్మానందం గారు. చప్పట్లు మోగాయి. ముత్యాలరావు లేచి, "అంతా మీ అభిమానం," అని శాలువాతో సహా కూలబడ్డాడు.

ఇంటికి వచ్చి భార్య మహాలక్ష్మిని అడిగాడు. ఆవిడ ఆయన పుస్తకాలన్నీ చదివింది. పెళ్లాడిన పాపానికి చదివానంటుంది.

"మొదటి ఆరింటిలోనూ చివరికొచ్చేసరికి మీరు మీరు కాకుండా పోతారండీ. నేనూ అనుకున్నా, ఈయనకి ఇంత బాగా రాయడం ఎలా వచ్చిందా అని," అంది మహాలక్ష్మి.

"మరి అడగలేదేం?"

"బాగా రాసినప్పుడు ఎందుకు రాశావని మొగుణ్ణి ఎవరన్నా అడుగుతారా? ఏడో పుస్తకం నుంచి చివర తామర మందు ప్రకటనలు వస్తున్నాయి. అవే నయం. ఎవరికన్నా పనికొస్తాయి."

మర్నాడు మొదటి బస్సుకే తెనాలి వెళ్లాడు. చివరి పేజీల సంగతి అడిగితే సింగయ్య ఏమాత్రం తడుముకోకుండా చెప్పేశాడు.

"ఫారం అంటే పదహారు పేజీలు. నీ కథ ఎప్పుడు చూసినా తొమ్మిది ఫారాలు దాటి ఆరు పేజీల దగ్గర చతికిలబడేది. పదో ఫారంలో మిగతా పది పేజీలూ తెల్లగా అమ్మితే జనం తంతారయ్యా. అందుకని కంపోజిటరు షుకూర్ని నింపమనేవాణ్ణి."

"నింపడమేంటండి! నా నవలని?"

"నింపడమంటే నింపడమే. అక్షరాలు పేర్చే స్టిక్కు పట్టుకుని, సీసం అక్షరాల గళ్ల ముందు నిలబడి నింపేసేవాడు. అక్షరదోషాలు చూశాను గాని ఏం నింపాడో నేనేం పట్టించుకోలా. అరవయ్యారులోనే వాడు రేపల్లె పోయాడు, మేనమామ ప్రెస్సుకి. అప్పట్నించి ప్రకటనలేస్తున్నాం. ఇంతకీ యాభయ్యోది ఎంతవరకు వచ్చింది?"

ముత్యాలరావు అక్కణ్ణుంచే రేపల్లె రైలెక్కాడు. పదకొండేళ్లుగా జనం తన పేరు పెట్టి పొగిడింది మరొకణ్ణని తెలిసినవాడికి ఆ కాస్త ప్రయాణం కూడా ఎంతకీ తెమల్లేదు. కోపం వచ్చింది. ఆ వెనకే సిగ్గేసింది. రేపల్లెలో దిగేసరికి రెండూ పోయి ఆకలి మిగిలింది.

అబ్దుల్ షుకూర్ కిటికీ దగ్గర నిలబడి పెళ్లి శుభలేఖ కంపోజ్ చేస్తున్నాడు. నలభై ఐదేళ్లుంటాయి. వేళ్లు సీసం పట్టి నల్లగా ఉన్నాయి. భీషణ్ అనగానే గుర్తుపట్టి స్టూలు తుడిచి వేశాడు.

"తప్పయితే క్షమించండి సార్. మీరు మాంత్రికుడికి నూట యాభై పేజీలిచ్చారు. సూరీడమ్మకి నాలుగు లైన్లే ఇచ్చారు. కంపోజ్ చేస్తుంటే పాపం అనిపించేదండి. నిజాంపట్నం రేవులో అలాంటి ఆడవాళ్లని చూశాను నేను. మిగిలిన జాగా ఆవిడకి ఇచ్చేశాను."

"కాగితం మీద రాసుకున్నది ఉందా?"

"కాగితమేంటండి! సరాసరి అక్షరాలు పేర్చేయడమే. అచ్చయ్యాక విప్పి గళ్లలో పడేయడమే."

"ఆ చిన్న చిన్న వాక్యాలు..."

"అచ్చు మెషీను ఆగుండేదండి. సింగయ్య గారు నెత్తి మీద నిలబడి తిడతా ఉండేవారు. పొడుగు వాక్యాలకి టైమేదండి?"

ముత్యాలరావు ఉన్న సంగతంతా చెప్పుకున్నాడు. యాభయ్యో నవలకు పది పేజీలు కావాలన్నాడు. లేకపోతే తన బతుకు బజారున పడుతుందని దాపరికం లేకుండా చెప్పాడు. షుకూర్ స్టిక్కు కింద పెట్టాడు.

"డబ్బులొద్దు సార్. నలుగురిలో ఒక్కసారి నా పేరు చెప్పండి. మా ఆవిడ ఖైరున్నీసా నమ్మదండి. ఆ పేజీలు నేనే రాశానంటే, 'అవును, సీసం ముక్కలు పేర్చారు, చూశాంలే' అంటది. పదకొండేళ్లబట్టీ అదే మాట."

ముత్యాలరావు ఒకపట్టాన మాట ఇవ్వలేకపోయాడు. ఉన్న ఒక్క ఆస్తీ ఆ పేరే. చివరికి, "చెప్తాను షుకూర్ గారూ," అన్నాడు.

షుకూర్ తెనాలి వచ్చి, సింగయ్య ప్రెస్సులో మళ్లీ గళ్ల ముందు నిలబడి చివరి పది పేజీలూ పేర్చాడు. యాభయ్యో నవల వచ్చింది. నూట యాభై పేజీల పాటు మాంత్రికుడు చేయవలసిన అల్లరంతా చేశాడు. చివరి పది పేజీలు చదివి రేపల్లె నుంచి బాపట్ల దాకా ఆడవాళ్లు పెరట్లోకి ఒంటరిగా వెళ్లడం మానేశారు. సింగయ్య రెండో ముద్రణ వేశాడు. బ్రహ్మానందం గారు దీనికి "పునరాగమన దశ" అని పేరు పెట్టి మళ్లీ సభ పెట్టించారు.

ఆ సభకు షుకూర్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఖైరున్నీసాను వెంటబెట్టుకుని వచ్చి రెండో వరసలో కూర్చున్నాడు. ముత్యాలరావు మైకు పట్టుకుని చెప్పేశాడు.

"మీరు మెచ్చుకునే ఆ చివరి పేజీలు నావి కావండి. ఏడు పుస్తకాల్లోనూ అవి రాసింది అదుగో, కంపోజిటర్ అబ్దుల్ షుకూర్ గారు. నేను రాసింది మాంత్రికుడి వరకేనండి."

ఆ వెంటనే హాలంతా గొల్లుమని నవ్వు, నవ్వు మీద చప్పట్లు. బ్రహ్మానందం గారు కళ్లు తుడుచుకుంటూ లేచారు. "చూశారా, ఈ వినయం! తన కీర్తిని అక్షరాలు పేర్చిన కార్మికుడి పాదాల దగ్గర పెట్టాడు! ఇది నాలుగో దశ!" అన్నారు. తర్వాత షుకూర్ వైపు తిరిగి, "ఏం బాబూ, నువ్వేనా రాసింది?" అని ముద్దు చేస్తున్నట్టు అడిగారు.

షుకూర్ లేచి నిలబడ్డాడు. "అవునండి," అన్నాడు.

"అయితే రాతప్రతి చూపించు మరి!"

"నేను కాగితం మీద రాయనండి."

ఈసారి నవ్వుకు కుర్చీలు కదిలాయి. ఎవరో వచ్చి షుకూర్ చేతిలో పుస్తకాల కట్ట పెట్టి, తలా ఒకటి పంచమన్నారు. పంచాడు పాపం. ఖైరున్నీసా కొంగు నెత్తి మీదికి లాక్కుని నేల చూపులు చూసింది. ముత్యాలరావుకు ఆ వేదిక మీదే చచ్చిపోవాలనిపించింది. పుర్రెలు లెక్కపెట్టగలిగిన మనుషులు కళ్లెదుట మనిషిని పోల్చుకోలేకపోయారు.

"మీరు మాట నిలబెట్టుకున్నారు సార్. వాళ్లు నమ్మకపోతే మీరేం చేస్తారు?" అని బయట షుకూరే ఓదార్చాడు. ఖైరున్నీసా మాత్రం, "మా సాయిబుగారి మీద జాలితో మీరలా చెప్పారు. నాకు తెలుసులెండి," అంది. ఆ మాట ముత్యాలరావు గుండెల్లో దిగింది.

సోమవారం పొద్దున్నే ఆయన సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లాడు. స్టాంపు కాగితం కొన్నాడు. వసారాలో చెక్కబల్ల మీద కూర్చుని, గుమాస్తాగా ఉన్నప్పుడు వేల దస్తావేజులు చూసిన కళ్లతో, మొట్టమొదటిసారి తన సొంతానికి ఒక దస్తావేజు రాసుకున్నాడు.

"... ఈ దిగువ షెడ్యూలులో వివరించబడిన పేజీలు నా రచన కాదనియు, రేపల్లె కాపురస్తులు అబ్దుల్ షుకూర్ గారి స్వార్జితమనియు, వాటిపై నాకు గాని నా వారసులకు గాని ఎట్టి హక్కును లేదనియు, నా మనఃపూర్వకముగా వ్రాసి యిచ్చిన ఒప్పుదల పత్రము. షెడ్యూలు: ఏడు నవలలలో ఒక్కొక్క దానియందు పది పేజీలు. వీటికి హద్దులు: తూర్పు, నా మాంత్రికుని చావు. పడమర, వెనుక అట్ట. ఉత్తర దక్షిణములు, ఖాళీ మార్జిన్లు."

రిజిస్ట్రారు అది చదివి తల పట్టుకున్నాడు. "పేజీలకి హద్దులేంటండి ముత్యాలరావు గారూ?" అన్నాడు.

"హద్దుల్లేకుండా ఏ దస్తావేజూ చెల్లదండి. మీ ఆఫీసులోనే నేర్చుకున్నా," అన్నాడు ముత్యాలరావు. ఆయన జీవితంలో అంత గట్టిగా ఎవరితోనూ మాట్లాడి ఉండడు. ఇద్దరు సాక్షులు సంతకాలు చేశారు. వేలిముద్ర పడింది. గుండ్రటి ముద్ర పడింది.

కాగితం తీసుకుని ఆ సాయంత్రమే రేపల్లె వెళ్లాడు. ప్రెస్సులో షుకూర్ చేతికి ఇవ్వబోయి, ఆగి, అతన్ని వెంటబెట్టుకుని సరాసరి వాళ్లింటికి వెళ్లి ఖైరున్నీసా చేతికి ఇచ్చాడు. ఆవిడ స్టాంపు చూసింది. వేలిముద్ర చూసింది. గుండ్రటి ముద్ర మీద వేలు పెట్టి రాసి చూసింది. అప్పుడు మొగుణ్ణి గట్టిగా చదవమంది. చదవడం పూర్తయ్యాక మొగుడి భుజం మీంచి వంగి ముద్ర మరోసారి చూసుకుంది.

"సర్కారు ముద్ర అబద్ధం చెప్పదుగా," అంది ఆఖరికి. మొగుడి వైపు కొత్తగా చూసింది. "అయితే ఆ తడి అడుగులు మీవేనా? ఆ పుస్తకం చదివిన కాణ్ణించి నేను పొద్దున్నే తలుపు తియ్యాలంటే వణికిపోతన్నాను. పదకొండేళ్లు! మీరు పక్కనే పడుకుని గురకలు పెట్టారా!"

షుకూర్ చేతులు కట్టుకుని నిలబడి తిట్లన్నీ ఒక్కటీ పోనీయకుండా విన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. దస్తావేజు మడిచి చొక్కా లోపలి జేబులో పెట్టుకుని, ముత్యాలరావు వైపు తిరిగాడు.

"ఏమీ అనుకోకండి సార్. మీ పుస్తకాలు చాలా కంపోజ్ చేశాను. మీరు రాసినవాటిలో జనం నమ్మేటట్టుగా ఉంది ఇదొక్కటేనండి."

యాభై నవలల మీద ఎన్ని పొగడ్తలు విన్నా, అందులో తనది ఏదో ముత్యాలరావుకు ఏనాడూ తెలియలేదు. ఈ ఒక్క మెప్పు మాత్రం పూర్తిగా తనదే. ఖైరున్నీసా ఇచ్చిన టీ తాగుతూ అదే తలుచుకుని, పైకి చెప్పుకోలేనంత సంతోషపడ్డాడు.